కంప్యూటర్ గది మూసే వేళ

"నీ బొమ్మలాట అయ్యాక నా చొక్కా ఇస్త్రీ చేసి పెట్టు."

బొమ్మలాట అన్నది మా ఆయన నా ఉద్యోగానికి పెట్టిన పేరు. రేపు టీచర్లు కాబోయే అమ్మాయిలకు కంప్యూటర్‌లో త్రీడీ నమూనాలు తయారు చేయడం నేర్పుతాను నేను. పుస్తకంలో బల్లపరుపుగా పడుకున్న గుండెను తెర మీద గుండ్రంగా తిప్పి, కోసి, లోపలి గదులు చూపిస్తే అర్థం కాని పిల్లలుండరు. ఆ విద్య నేను పొయ్యి పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని, నిలబడి నేర్చుకున్నాను. "పాలు పొంగినా తెలియని చదువూ ఒక చదువేనా?" అనేవారు అత్తగారు. పక్క గదిలోనే పేపర్ చదువుకుంటున్న ఆయనకూ పాల వాసన వచ్చే ఉంటుంది. ఆయన్నెవరూ ఏమీ అనలేదు.

ఆ రోజు మొదటి బెంచీ అమ్మాయి చెవి నమూనా తెరిచింది. కర్ణభేరికి ఆనుకోవాల్సిన బుల్లి ఎముకలు గాలిలో వేలాడుతున్నాయి.

"ఇంట్లో పూర్తి చేస్తానన్నావుగా?"

"ల్యాప్‌టాప్ మా ఆయనది మేడమ్. ఆయన పనయ్యాక ఇస్తారు. అప్పటికి నా వంటపని మొదలవుతుంది."

క్లాసంతా నవ్వింది. వెక్కిరింత కాదది, తెలిసినవాళ్ల నవ్వు.

"నేను చార్టులు గీసే సబ్జెక్టుకి మారిపోతాను మేడమ్. ఇది నావల్ల కాదు" అంది, నా వైపు చూడకుండా.

ఒళ్లు మండిపోయింది. ఆమె మీద కాదు. నాలుగింటికే ఈ గది మూసేయమన్నది ప్రిన్సిపాల్ గారు. "ఆడపిల్లలు కదమ్మా, ఇళ్లలో పనులుంటాయి. వాళ్ల మంచికే" అన్నారు. వాళ్లను అడగలేదు. అప్పుడు నేనూ తలూపి వచ్చాను.

నాలుగైంది. అటెండర్ గుమ్మంలో తాళాలు గలగలలాడించాడు. అమ్మాయిలు సంచులు సర్దుకోసాగారు.

"తాళాలు ఇలా ఇవ్వండి. ఇవాళ్టి నుంచి నేనే వేస్తాను."

"పెద్దసారు ఊరుకోరు మేడమ్."

"ఊరుకోకపోతే నన్ను పిలవమనండి."

మొదటి బెంచీ అమ్మాయి సంచి కింద పెట్టింది. ఇంకో ఇద్దరు మళ్లీ కూర్చున్నారు. ఎముకను ఎటు తిప్పితే అతుకుతుందో చూపిస్తుండగా ఫోన్ మోగింది.

"ఏంటి, ఇంకా బయల్దేరలేదా?" అన్నారు మా ఆయన.

"లేదండీ. ఇకనుంచి రోజూ ఆరు దాటుతుంది."

"మరి ఇంట్లో వంట?"

"వంటింటికి నేనేం తాళం వేసి రాలేదుగా" అన్నాను.