నోట్లో నిప్పున్నంతసేపూ

“ఒసే, మంచినీల్లు!” అరుగు మీంచి అప్పలసూరి కేకేశాడు. కడవ అతని చేతికందేంత దూరంలోనే ఉంది. ఎండుచేపలు తిరగేస్తున్న అతని భార్య కూర్మమ్మ లేచి, చేతులు కడుక్కుని, ముంచి ఇచ్చింది. ఆమె చుట్ట మానేసినప్పట్నుంచీ ఇలాంటి కేకలు ఎక్కువయ్యాయి.

భావనపాడులో తన ఈడు ఆడవాళ్లు చాలామందిలాగే ఆమె కూడా అడ్డచుట్ట కాల్చేది, నిప్పున్న కొన నోటి లోపలికి పెట్టుకుని. ఊళ్లోకొచ్చిన పళ్ల డాక్టరు టార్చి వేసి చూసి, అంగిట్లో తెల్లమచ్చ ఉంది, చుట్ట మానకపోతే ముదురుతుందన్నాడు. ఆ కబురు విని ఇంట్లో ఎవరి ఆశ వాళ్లు చూపించారు. “మానీయే అమ్మా, దుద్దులు సేయిస్తాను,” అన్నాడు కొడుకు చినబాబు. “పట్టుసీర నానెడతానత్తా,” అంది కోడలు అనిత. అప్పలసూరి మాత్రం బీడీ నోట్లోంచి తీయకుండానే, “ఆడదానికి పొగేటే, సిగ్గునేకుండా!” అన్నాడు. నర్సు ఉష సోంపు పొట్లం చేతిలో పెట్టి, మనసు లాగినప్పుడల్లా నమలమంది.

నమిలింది. తలనొప్పీ, చేతుల వణుకూ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది వేరే ఉంది. ఇదివరకు పొద్దు వాలితే ఇంటెదుట ఒడ్డుకి లాగిన పడవ చాటున చుట్ట ముట్టించుకుని కూర్చునేది. నోట్లో నిప్పుంటే పలకడం కుదరదు కదా, “అమ్మ సుట్ట మీదున్నాది, పిలవకండి,” అని చినబాబే అనేవాడు. ఆ కాసేపూ ఆమె ఎవరికీ తల్లి కాదు, పెళ్లాం కాదు. పురిట్లోనే పోయిన తన ఆడపిల్ల, ఆ ఇంట్లో ఎవరూ ఊసెత్తని ఆ పిల్ల, వచ్చి పక్కన కూర్చునేది. ఇప్పుడు అదే చోట కూర్చుంటే, ఖాళీ నోరు కనబడగానే పని పుట్టుకొస్తోంది. అత్తా, పాపనెత్తుకో. అమ్మా, నా సొక్కా ఏదే. ఒసే, టీ. చివరికి ఒకనాడు పక్కింటి తవిటమ్మనడిగి మళ్లీ చుట్ట అంటించుకుంది.

“మల్లీ ఎందుకు ముట్టుకున్నావమ్మా?” ఉష కోప్పడలేదు, మెల్లగా అడిగింది.

“అది నోట్లో ఉన్నంతసేపే నన్నెవులూ పిలవరు నర్సమ్మా.”

ఆ మాట నోరు దాటేదాకా కూర్మమ్మకే తెలీదు, అది తన లోపల ఉందని. ఉష తీయబోయిన సోంపు పొట్లం మళ్లీ సంచిలో పెట్టేసింది. “అయితే నీకు కావలిసింది సోంపు కాదమ్మా,” అంది.

ఆపూట అన్నాలు వడ్డిస్తూ కూర్మమ్మ చెప్పింది. “దుద్దులొద్దు, సీరొద్దు. సుట్ట మానేస్తాను. పొద్దోయే యేల ఆ కాసేపూ మట్టుకు నా జోలికి రాకండి.”

అప్పలసూరి నవ్వాడు. “సుట్ట నేకుండా అక్కడేటి పనే నీకు?”

“కూకోడమే పని.”

మర్నాడు పొద్దు వాలగానే వెళ్లి పడవకి వీపు ఆనించి కూర్చుంది. ఉప్పుగాలి మొహానికి కొడుతోంది. అరుగు మీంచి మొగుడి గొంతు వినబడింది. “ఒసే, అగ్గిపెట్టెక్కడెట్టేవే?” అలవాటు చొప్పున మోకాళ్లు లేవబోయాయి. వాటిని రెండు చేతులతో అదిమి పట్టుకుంది. “ఒసే, నిన్నే!” ఈసారి కేక గట్టిగా వచ్చింది. “అమ్మా, నాన్న పిలస్తన్నాడు,” అన్నాడు చినబాబు.

కూర్మమ్మ నోట్లో నిప్పు లేదు, పొగ లేదు, సోంపు గింజయినా లేదు. పలకలేదు.