పాటలో చచ్చిపోయిన బాపు

శుక్రవారం, డ్యూటీ లేదు. అయినా లింబాద్రికి కాలు ఒక్కచోట నిలవడం లేదు. గల్ఫ్‌లోని అల్ మవాలే రూమ్‌లో పొయ్యి దగ్గర నుంచి గుమ్మానికి, గుమ్మం నుంచి మళ్ళీ పొయ్యి దగ్గరికి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఇవాళ వంట వంతు అతనిదే. ఎసరు మరుగుతోంది, బియ్యం ఇంకా కడగనే లేదు.

భవనాలు కట్టే సైట్‌లో షట్టరింగ్ పలకలకు మేకులు కొడుతూ, ఆ సుత్తి దెబ్బకే పాట కట్టుకోవడం అతనికి అలవాటు. జగిత్యాల పక్కన వాళ్ళ ఊళ్ళో ఆ పాటలు మోగని ఫోన్ లేదు. మొన్న కట్టింది గల్ఫ్‌లో చచ్చిపోయిన ఒక తండ్రి పాట. రూమ్‌లోనే ఉండే కడప డ్రైవర్ బాబు మియా దాన్ని ఖురియాత్ సముద్రం ఒడ్డున ఫోన్‌తో తీశాడు. పాడితే సరిపోదు, చచ్చినట్టు నటించాలన్నాడు. లింబాద్రి ఇసుకలో పడుకుని కళ్ళు మూసుకున్నాడు. ముక్కు మీద ఈగ వాలినా కదల్లేదు. తనకింత నటన వచ్చని తనకే తెలియదు, లోపల్లోపల మురిసిపోయాడు. చివర్లో అతని ఫోటోకు ప్లాస్టిక్ పూల దండ వేశారు.

ఆ దండ ఫోటోనే పాటకు ముందు బొమ్మగా పెట్టడంతో కొంప మునిగింది. ఊరికి పాట కన్నా ముందు ఫోటో చేరింది. గల్ఫ్ నుంచి దండ వేసిన ఫోటో వస్తే అక్కడ ఎవరూ పాట అనుకోరు. వాడకట్టంతా ఇంటి ముందు చేరింది. తల్లి సత్తవ్వ నేల మీద పడి ఏడ్చింది. సాయంత్రానికి గానీ నిజం తెలియలేదు.

"కాకి తంతె, మనిషి సచ్చిండని ఉత్త కబురు పంపి సుట్టాలను ఏడిపిస్తరు గద కొడుకా, గండం పోవాలెనని," అంది సత్తవ్వ ఫోన్‌లో. "నీ గండం గూడ గట్లనే పోయిందనుకుంట. మల్ల గిట్ల జేస్తివంటె కాకి గాదు, నేనే తంత."

భార్య శ్రీవాణి తిట్టి, ఏడ్చి ఊరుకుంది. కూతురు సింధూజ మాత్రం ఆనాటి నుంచి ఫోన్ దగ్గరికే రావడం లేదు. అది పాకే వయసులో అతను ఇక్కడికి వచ్చాడు. దానికి బాపు అంటే ఫోనే. పాడేదీ అందులోనే, ముద్దు పెట్టేదీ అందులోనే. ఇప్పుడేమో బాపు చచ్చిపోయాడట, అమ్మ ఫోన్‌లో చూపించేది ఉత్త వీడియో అట.

బాబు మియా బయటి నుంచి వస్తూనే, పాటను జనం ఎగబడి చూస్తున్నారని, రెండోది తీద్దామని అన్నాడు.

"ఈ తూరి నువ్వు దయ్యమై రావాల, లింబాద్రి భాయ్."

లింబాద్రికి నవ్వు రాలేదు. బియ్యం కడిగి ఎసట్లో పోసి, ఇంటికి వీడియో కాల్ చేశాడు. శ్రీవాణి ఫోన్‌ను గోడకు ఆనించి పక్కకు తప్పుకుంది. పిల్ల వీపు తిప్పి కూర్చుని ఉంది. అది పుట్టినప్పుడు కట్టిన జోలపాట ఎత్తుకున్నాడు. పిల్ల రెండు చెవులూ మూసుకుంది. అతని గొంతు వణికింది. ఇసుకలో పడుకోబోయే ముందు పాటలో వణికించింది కూడా సరిగ్గా ఇలాగే. ఏది ఏడుపో ఏది నటనో తనకే తెలియక పాట ఆపేశాడు.

పాడకుండా బిడ్డతో ఏం మాట్లాడాలో అతనికి తెలియదు. కట్ చేయడానికి చెయ్యి రాలేదు. ఫోన్‌ను ఉప్పు డబ్బాకు ఆనించి, పొయ్యికి వీపు పెట్టి కూర్చుని ఉల్లిగడ్డలు తరగసాగాడు. ముక్కు ఎగబీల్చాడు. చెప్పులతో చాప తొక్కినందుకు బాబు మియాను కసిరాడు. కత్తికి పదును లేదని గొణుక్కున్నాడు. మధ్యమధ్య ఫోన్ వైపు చూస్తూ గంజి వార్చడమే మరిచాడు.

కాసేపటికి తల ఎత్తితే, సింధూజ మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని ఇటే చూస్తోంది.

"నీ ఎనుక పొగొస్తున్నది," అంది. "బాపూ, బువ్వ మాడుతున్నది."

లింబాద్రి ఒక్క ఉదుటున లేచి వట్టి చేతులతో గిన్నె పట్టుకున్నాడు. వేళ్ళు చుర్రుమన్నాయి.

"గుడ్డతోని పట్టుకోవద్దా?" అని ఫోన్‌లోంచి పిల్ల అచ్చం సత్తవ్వలాగే గద్దించింది.

"పట్టుకుంట బిడ్డా," అన్నాడు లింబాద్రి, వేళ్ళు నోట్లో పెట్టుకుని.