గడ్డి కుక్కిన గంట

ఉత్తరపు మంచుదేశంలో సూర్యుడు ముఖం చాటేసి నెల దాటింది. అక్కాచెల్లెళ్ళు గుడారం చేరకముందే ఆకాశంలో ఆకుపచ్చటి వెలుగు తెరలా లేచింది. రవ్‌నా తల పైకెత్తకుండానే మంచుబండ్లు రెండూ ఆపి, వాటిని లాగే రెయిన్‌డీర్ జింకల మెడగంటల్లో, బూట్లలో వెచ్చదనానికి పరుచుకునే ఎండుగడ్డి కుక్కింది. వెలుగుకు చప్పుడు వినబడిందా, దిగొచ్చి మనిషిని ఎత్తుకుపోతుంది. ఆమెకు వాళ్ళమ్మ చెప్పింది, అమ్మకు వాళ్ళమ్మ చెప్పింది.

వెనక బండిలో చెల్లెలు రిస్తెన్ కుదురుగా ఉంటేగా.

"అక్కా, ఒక్కసారి కళ్ళారా చూస్తానే. ఇంతదాన్నయ్యాను, ఎప్పుడూ టోపీ చాటునుంచి దొంగచూపులేనా?"

"అలా చూసినవాళ్ళెవరూ తిరిగొచ్చి చెప్పలేదు. టోపీ దించుకుని కిక్కురుమనకుండా కూర్చో."

"నన్నెత్తుకెళ్ళి ఏం చేసుకుంటుంది? నా వంట ఒక్కపూట తింటే అదే తెచ్చి దింపేస్తుందిలే."

రవ్‌నాకు నవ్వు రాలేదు. వెనక రెయిన్‌డీర్ తాడు తన బండికి మరోసారి బిగించి కదిలింది.

కొండ ఎక్కేసరికి గాలి లేచింది. పైన ఆకాశం నిర్మలంగానే ఉంది. కింద మాత్రం మంచుపొడి నడుమెత్తున పరుగులు తీస్తోంది. కొంతదూరం పోయాక రవ్‌నా వెనక్కి తిరిగి చూసింది. బండి లేదు, చెల్లెలు లేదు. కట్టిన తాడు ఒక్కటే తెగకుండా ఖాళీగా ఈడ్చుకొస్తోంది. ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. వెలుగు చూడాలని ఆ పిచ్చిది ముడి విప్పుకుని ఆగిపోయింది. ఎక్కడ ఆగిందో చెప్పాల్సిన గంట నోట్లో గడ్డి కుక్కిందెవరు? తనే.

బండి జాడల్ని గాలి అప్పుడే తుడిచేసింది. చప్పుడు చేస్తే పైనున్నది వింటుంది. చెయ్యకపోతే చెల్లెలు గడ్డకట్టుకుపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రవ్‌నా తన రెయిన్‌డీర్ గంటలోని గడ్డి పీకేసి, గంట విప్పి ఊపింది. నెత్తిమీద వెలుగు ఎర్రబడింది. కాళ్ళ కింది మంచూ ఎరుపెక్కింది. తనకోసమే దిగుతోందనుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది గాని చెయ్యి ఆపలేదు.

"దాన్నొదిలెయ్. నన్ను తీసుకుపో," అని ఏడుస్తూనే ఊపింది.

చాలాసేపటికి మంచుపొడిలోంచి ముందు కొమ్ములు కనిపించాయి, ఆ వెనక రిస్తెన్. పిల్ల పెదాలు నీలంగా ఉన్నాయి, మాట తడబడుతోంది.

"ఎటు పోతున్నానో తెలీలేదక్కా. గంట వినబడకపోయుంటే..."

రవ్‌నా చెల్లెలి చెంప ఛెళ్ళుమనిపించి, ఆ చెంపనే తన తోలుకోటులో దాచుకుంది.

"పైకి చూడకు," అంది.

"చూడనక్కా."

వెలుగు ఇంకా నెత్తిమీదే ఉంది, గుడారం ఇంకా దూరమే. అయినా రవ్‌నా చెల్లెలి రెయిన్‌డీర్ మెడనున్న రెండో గంటలోని గడ్డి కూడా పీకేసింది. ఆకాశానికి వినబడితే వినబడనీ, చెల్లెలు వెనకాలే వస్తోందని తన చెవికి తెలియాలి.