వేషం తీశాకే అడగాలి

నేను ఒక కొయ్య నాలుకను. తేలికైన పొణికి కర్రతో చెక్కి ఎర్ర రంగు పూశారు. పొడవు జానెడు. వెనుక చిన్న పట్టు ఉంటుంది. దాన్ని పళ్లతో కరిచి పట్టుకున్నవాడు కాళికమ్మ శక్తివేషం కట్టినట్టు. కరిచినంతసేపు మాట్లాడలేడు. మూడు తరాల నోళ్లలో ఉన్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, మనిషికి అంతకంటే కష్టమైన పని లేదు.

నన్ను చెక్కింది, ఇప్పుడు నన్ను కరిచే చెన్నమల్లయ్యకు తాత. పగటివేషాల వాళ్లు. రోజుకో వేషం కట్టి ఊరంతా తిరుగుతారు. వేషంలో ఉండగా ఎవరి ముందూ చేయి చాపరు. ఆఖరి రోజు రంగు కడుక్కుని, మామూలు పంచెలో ఇంటింటికీ వెళ్లి సంభావన అడుగుతారు. అడిగితేనే ఆట పూర్తయినట్టు.

చెన్నమల్లయ్య వాళ్లకు వేషాలాడి అడిగే హక్కున్న ఊరి పొలాల్లో ఇప్పుడు విల్లాలు లేచాయి. చుట్టూ గోడ, ముందు గేటు. పదకొండేళ్లుగా ఆయన్ని లోపలికి రానివ్వలేదు. నేను సందూక పెట్టెలో పడుకున్నాను. ఈలోగా ఆయన ముందు పళ్లు కదలడం మొదలైంది.

కూతురు నీలవ్వ ఆ విల్లాల్లోనే ఊడుస్తుంది. అక్టోబరు చివర ఒకరోజు నవ్వుకుంటూ వచ్చింది.

"నాయినా, రేపు ఆ విల్లాలల్ల దయ్యాల పండుగంట. హాలోవీనో ఏందో. పెద్ద పెద్ద సార్లే మూతికి రంగులేసుకుంటరు. నిన్నెవడు ఆపుతడు?"

"పండ్లు ఊడకముందు మా ఊర్లె ఒక్కపారి ఆడితే సాలు," అన్నాడు చెన్నమల్లయ్య.

మర్నాడు సాయంత్రం ఆయన శక్తివేషం కట్టి, నన్ను కరిచి వెళ్లేసరికి గేటు తనంతట తనే తెరుచుకుంది. వాచ్‌మన్ సెల్యూట్ కూడా కొట్టాడు.

లోపల నా చుట్టాలను చూశాను. ప్లాస్టిక్ కోరలు, ప్లాస్టిక్ పుర్రెలు, ఇంకా కవరు వాసన పోని రబ్బరు చేతులు. అవన్నీ ఎక్కడో సినిమాల్లో పుట్టి, ఫోన్లో ఆర్డరిస్తే వచ్చినవి. రక్తం తాగే దొర ఒకడు పనిమనిషి రాలేదని ఫోన్లో గొడవపడుతున్నాడు. తెల్ల దుప్పటి కప్పుకున్న దయ్యం బిర్యానీ తింటోంది. పిల్లలు సంచులు పట్టుకుని గుమ్మం గుమ్మానికీ తిరిగి చాక్లెట్లు అడుగుతున్నారు.

చెన్నమల్లయ్య గజ్జె కదిలించి కళ్లు తెరిచాడు. బిర్యానీ ప్లేటు కింద పడింది. అంతా నిశ్శబ్దం. అది మా నిశ్శబ్దం, కొనుక్కున్నది కాదు.

కాసేపటికి ఒకావిడ దగ్గరికొచ్చి ఆయన చేతిలో చాక్లెట్లు పెట్టబోయింది. ఆయన పిడికిలి బిగించి వెనక్కి జరిగాడు. ఎందుకో చెప్పడానికి నోట్లో నేనున్నాను. అదీ నటనే అనుకుని అందరూ చప్పట్లు కొట్టారు. ఫొటోలు తీసుకున్నారు.

తెల్లారేసరికి గేటు మీద నిలువెత్తు బ్యానరు. నల్లటి మొహం, బయటికి వేలాడుతూ నేను. కింద 'మొదటి బహుమతి' అని ఉంది. చెన్నమల్లయ్య మొహం కడుక్కుని, పంచె కట్టి, నన్ను తువ్వాల్లో చుట్టుకుని ఆ బ్యానరు కిందే నిలబడ్డాడు.

"ఎవరింటికి, పెద్దాయనా?" అన్నాడు వాచ్‌మన్.

"అందరిండ్లకు. గా బొమ్మల ఉన్నది నేనే."

"గా అమ్మవారు నువ్వా? అయితే నేను ఈ విల్లాల సెక్రటరీని!" వాచ్‌మన్ పడీ పడీ నవ్వాడు. తర్వాత తువ్వాల్లోంచి తొంగిచూస్తున్న నన్ను చూసి తగ్గాడు. "ఏదీ, గా నాలుక నోట్ల పెట్టుకో. పోనిస్త లోపలికి."

"అడిగేటప్పుడు వేషం ఉండొద్దు బిడ్డా."

"గట్లనే నిలబడు మరి."

నిలబడ్డాడు. నన్ను పైకెత్తితే గేటు తెరుచుకుంటుంది. ఎత్తలేదు. నేనాయన చేతిలో ఉన్నాను, ఆ వేళ్ల బిగువు నాకు తెలుసు.

ఎండెక్కాక సెక్రటరీయే వచ్చాడు. "ఆ నాలుక మాకివ్వండి. క్లబ్బులో అద్దాల పెట్టెలో పెట్టిస్తాం. ఏటా వేషానికి మిమ్మల్నే పిలుస్తాం."

"ఇస్త సారు. ముందుగాల ఇంటింటికి పోయి అడుగనియ్యి."

"అడుక్కునేవాళ్లను రానివ్వకూడదని రూలు కదా."

"మీ రూలు మీది. మా రూలు మా తాతది."

నాకు అద్దాల పెట్టె అంటే కోపం లేదు. పొయ్యిలోకి వెళ్లినా కొయ్యకు కొత్తేం కాదు. కానీ దయ్యాలకు తెరిచిన గేటు మనిషికి తెరిచేదాకా నేను ఎవరికీ బొమ్మను కాను.

ఆయన గేటు ముందు నిలబడటం ఇవాళ తొమ్మిదో రోజు. నీలవ్వ "ఇగ సాలు నాయినా" అంది. ఆయన వినలేదు. తల దువ్వుకున్నాడు, నన్ను చుట్టిన తువ్వాలు భుజాన వేసుకున్నాడు. రంగు మాత్రం పూసుకోలేదు.