చిక్కుడు కొలతల చొక్కా

దర్జీ గారి భార్య నలభై ఆరో ఏట మూడు శాస్త్రాలపై ఏకకాలంలో దండెత్తింది. సాయంకాలపు కళాశాల పట్టికలో వాణిజ్యం, తత్వశాస్త్రం, వృక్షశాస్త్రం ఒకే వరుసలో కనిపించాయి. మూడింటికీ బంధుత్వమేమిటని ఆమె గాని, కళాశాల గాని విచారించలేదు. మొదటి రెండూ మర్యాదగా లొంగిపోయాయి. వృక్షశాస్త్రం మాత్రం ప్రయోగ పరీక్షలో ఆమెను రెండుసార్లు మట్టి కరిపించింది. ఇది మూడోసారి, నియమాల ప్రకారం కడసారి. ఇదీ తప్పితే పట్టా లేదు.

పరీక్షకు కావలసినది ఒక చిక్కుడు మొక్క దినచర్య. ఇరవై ఒక్క రోజులు, రోజుకు మూడు కొలతలు: కాండం పొడవు, పెద్దాకు పొడవు, కణుపుల నడుమ దూరం. ఒక్కరోజు ఖాళీ ఉన్నా పుస్తకం తిప్పి పంపేస్తారు. అందుచేత ఆ మొక్క కొట్టు కిటికీలో, కుట్టుమిషను పక్కన కొలువుతీరింది. ఆమె కాజాలు కుడుతూ మధ్యలో లేచి కొలిచేది. చేతికందిన చీటీ మీద అంకెలు వేసుకొని, తీరిక చూసి పుస్తకంలోకి ఎక్కించేది.

పరీక్ష రేపనగా మధ్యాహ్నం చూసుకుంటే పద్నాలుగో రోజు లేదు.

"ఏమండీ, ఇక్కడ గుడ్డల మీద గుండుసూదితో గుచ్చిన చీటీ చూశారా?"

"కుట్టడం అయిపోయిన చీటీలన్నీ చెత్తబుట్టలోకే కదా. అది ఊడ్చుకుపోయి వారమైంది. ఏదో ఒకటి రాసెయ్. చిక్కుడొచ్చి అడుగుతుందా?"

"సత్యమంటే ఏమిటో మొన్ననే పద్నాలుగు పేజీలు రాసి పాసయ్యాను. ఇప్పుడు దొంగ లెక్క రాయమంటారా?"

"పదమూడు పేజీలకే ఆపాల్సింది," అన్నాడు దర్జీ. అంటూనే మిషను ఆపి, బల్ల కింద దూరి వెతకసాగాడు.

ఆ సమయానికి, పదవీ విరమణ చేసిన డ్రిల్లు మాస్టారు ప్రవేశించారు. కొత్త చొక్కా బొత్తాలు ఛాతీ దాకా పెట్టి ఉన్నాయి. మెడ దగ్గర సంధి కుదరలేదు.

"ఏమయ్యా, ఇది నాకు కుట్టావా, నా మనవడికి కుట్టావా?"

"చీటీలో ఎంతుంటే అంతే కుట్టాను మాస్టారూ."

వస్త్రలోకంలో చీటీయే పరమ ప్రమాణం. పాత ఖాతాదారుల ఛాతీలు దర్జీకి కంఠోపాఠం. మారిన కొలతలే చీటీకెక్కుతాయి. ఎక్కిన అంకెను కంటితో సరిచూడడం వృత్తిధర్మానికి అపచారమని ఆయన విశ్వాసం.

"ఆ చీటీ నా చేతిరాతేనా?" అంది భార్య మెల్లగా.

"కొలతలు మీరు చెప్పడం, నేను రాయడం అని నువ్వే కదా అంటావు. ఏ చీటీ నీ చేతిరాత కాదు?"

ఇద్దరూ కిటికీ వంక చూశారు. తరువాత మాస్టారి మెడ వంక చూశారు.

అసంతృప్తుడైన ఖాతాదారును ముందుగా కూర్చోబెట్టాలని వాణిజ్యశాస్త్రం. ఆమె కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, చొక్కా అడిగి పుచ్చుకుంది. మాస్టారు బనీనుతో ఆసీనులయ్యారు. దర్జీ బల్ల తుడిచి, చొక్కాను పరిచి, పెళ్లికూతురి బట్టలు కొలిచేంత భక్తితో టేపు పెట్టాడు.

"పొడవు ముప్పై. చెయ్యి తొమ్మిది. మెడ పదకొండు. నా కత్తెర నూలువాసి కూడా తప్పదు, రాసుకో."

ఆమె ఆ అంగుళాల అంకెలనే సెంటీమీటర్లుగా పుస్తకంలోకి దించింది. పదమూడో రోజు కాండం ఇరవై ఎనిమిది, పదిహేనో రోజు ముప్పై రెండు. ముప్పై వాటి నడుమ బుద్ధిగా ఒదిగింది.

"అంటే వారం నుంచీ నేను చిక్కుడు మొక్క చొక్కాతో కుస్తీ పడుతున్నానన్నమాట," అన్నారు మాస్టారు.

"మీరు విసిరికొట్టకుండా తెచ్చారు, అదే పదివేలు," అంది ఆమె. పుస్తకం మూసింది గాని చెయ్యి తీయలేదు. "ఇన్ని చేసీ రేపు తప్పితేనో?"

దర్జీ టేపు మెడలో వేసుకున్నాడు. ఇరవై రెండేళ్లుగా, సొంత కూతురి పెళ్లినాడు సైతం, ఒక పూటైనా కొట్టు తెరిచిన మనిషి.

"రేపు కొట్టు మూసేస్తాను. నువ్వు బయటికొచ్చేదాకా గేటు దగ్గరే కూర్చుంటాను. తప్పితే ఇద్దరం కలిసే ఇంటికొద్దాం."

ఆమె పుస్తకం మీంచి చెయ్యి తీసింది. చిక్కుడు కుండీని ఎండలోకి జరిపింది.

"మరి నా చొక్కా?" అన్నారు మాస్టారు.

"ఎల్లుండి మాస్టారూ. రేపు మాకు పరీక్ష."