తడి వేలు

అట్ట తెరవగానే వెండిరంగు పురుగులు నాలుగువైపులా పరిగెత్తాయి. ఆమె వాటిని కుంచెతో దులిపి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని ముందుమాట కోసం వెతికింది. గ్రంథాలయం కింది గదిలో ఆమె పని అదే. యూరపు పండితులు ఆసియా భాషల్నీ చరిత్రల్నీ ఎలా చదివారో తెలిపే పాత పుస్తకాలు వెతికిపెట్టడం. జుట్టు నెరిసింది ఈ ముక్కిన కాగితాల వాసనలోనే. ఇంట్లో వదిన పక్కన కూర్చోనివ్వదు. "ముందు స్నానం చేసి రా తల్లీ, ఒంటినిండా చెదకంపు" అంటుంది.

పరిశోధన చేసే అమ్మాయి ఒకతె ఒక్క పేరు కోసం నెలల తరబడి తిరుగుతోంది. ఒక యూరపు పండితుడికి భాష నేర్పిన ఆసియా గురువు పేరది. ఆ పండితుడి పుస్తకం మిగతా కూర్పుల ముందుమాటల్లో 'ఒక స్థానికుడు' అనే ఉంది. ఈ మొదటి కూర్పులో పేరుందట. అది లేకపోతే ఆ అమ్మాయి సిద్ధాంతవ్యాసం నిలవదు.

మొత్తానికి ఆ పేజీ దొరికింది. అరుదైనదేది దొరికినా ముందు పై అంతస్తులోని ప్రొఫెసరు బల్లమీదికి వెళ్లాలి. ఎవరూ రాసిపెట్టని నియమం. అలవాటుకొద్దీ అక్కడికే తీసుకెళ్లింది. ఆయన వేలు నాలుకకు రాసుకుని పేజీ తిప్పాడు. ఆ తడి కాగితంలోకి ఇంకుతుంటే ఆమె రుమాలు మళ్లీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది. మధ్యాహ్నం ముద్ద దిగలేదు.

సాయంత్రం పుస్తకం తిరిగొచ్చాక అమ్మాయి చేతికిచ్చింది.

"అక్కా, ఆ పేజీ ఏదీ?"

"ఉండాలే! పొద్దున నేనే చూశాను."

కుట్టు దగ్గర అప్పుడే చిరిగిన అంచు కనిపించింది. ఆమె గబగబా ప్రొఫెసరు గదికి వెళ్లింది.

"పాత కాగితం కదమ్మా, ఊడిపోయుంటుంది" అన్నాడాయన పళ్లు కుట్టుకుంటూ. ఆయన ఫైల్లోంచి పసుపుబారిన కాగితం మూల తొంగిచూస్తోంది.

"మరి అదేంటి సార్?"

"నా పుస్తకం ముందు రావాలా, ఆ పిల్లదా? నువ్వే చెప్పు." నవ్వి, ఫైలు సొరుగులో పడేసి తాళం వేశాడు. మురుగునీళ్లు నోట్లో పోసినట్టయింది ఆమెకు.

కిందికి వచ్చేసరికి అమ్మాయి ఇంకా నిలబడే ఉంది. "పోనీ, పేరు గుర్తుందా అక్కా? చదివారు కదా?"

చదవలేదు. పేజీ ఉందో లేదో చూసింది, అంతే. ఇన్నేళ్లూ వెతకడం, దులపడం, మోయడం. ఒక్క ముందుమాటా చదివిన పాపాన పోలేదు. ఇంతసేపూ ఆయన మీదున్న రోత గిర్రున తిరిగి తనమీదికే వచ్చింది.

"లేదమ్మా."

మోచేతులదాకా సబ్బుతో కడుక్కుంది. "రేపట్నించి నేను రానని సార్‌కి చెప్పు" అని అమ్మాయితో అని మెట్లెక్కి వెళ్లిపోయింది. ఎవరూ పిలవలేదు.

బల్లమీద పుస్తకం తెరిచే ఉంది. కుట్టుకు అంటుకుని మిగిలిన సన్నటి పీలిక మీద, ప్రతి పంక్తికీ మొదటి అక్షరం మాత్రం ఉంది.