జావలో కలిపిన పొడి

నెల రోజులుగా పొద్దున్నే ఎస్తేరుకు రాగి జావ రాజేశే కాచి ఇస్తున్నాడు. పదకొండేళ్ల కాపురంలో భర్త తన కోసం పొయ్యి వెలిగించడం అదే మొదలు. ఎస్తేరు మురిసిపోయి, బొమ్మనహళ్ళిలో తను పనిచేసే ఆసుపత్రిలో తోటి నర్సులందరికీ చెప్పుకుంది. అంతకు ముందు వారమే ఇంట్లో పెద్ద గొడవైంది. "డ్యూటీ ఉన్న రోజుల్లోనైనా పిల్లల టిఫిన్ డబ్బాలు మీరు సర్దండి" అని ఆమె అడిగితే, "నీకు స్ట్రెస్ ఎక్కువైంది, ప్రతిదానికీ అరుస్తున్నావు" అన్నాడు. డబ్బాల సంగతి అక్కడితో ఆగిపోయింది. జావ మాత్రం మొదలైంది.

మూడో వారంలో గుండె ఊరికే దడదడలాడసాగింది. ఒకరోజు ఓ ముసలావిడకు సెలైన్ సూది పెట్టబోతే చేతులు వణికి మూడుసార్లు నరం తప్పింది. ఆవిడ నొప్పికి ఏడ్చేసింది. సీనియర్ సిస్టర్ స్టెల్లా ఏమీ అనకుండా ఆమె చేతిలోంచి ట్రే తీసుకుంది. పద్నాలుగేళ్ల సర్వీసులో ఎన్నడూ అలా జరగలేదు. ఒంట్లో సత్తువ అప్పుడే అయిపోయిందా, ఆయనన్నట్టు నా బుర్రే సరిగా లేదా అని బస్సులో ఇంటికొచ్చేదాకా తనను తానే నిలదీసుకుంది. రక్తపరీక్షలో థైరాయిడ్ బాగా ఎక్కువని వచ్చింది. థైరాయిడ్ తక్కువని నాలుగేళ్లుగా వేసుకుంటున్నది అదే మాత్ర, అదే మోతాదు. "వేరే మందులేమైనా వాడుతున్నారా?" అని డాక్టర్ చైత్ర అడిగితే లేదని గట్టిగా చెప్పింది.

ఆదివారం చర్చికి చీర కట్టుకుంటుంటే వంటింట్లోంచి అత్తగారు రెబెకమ్మ కొడుకుతో అంటున్న మాట వినపడింది.

"ఆ పొడి అయిపోయిండాదప్పా, ఇంకో డబ్బా తెప్పించు. అది వేసినప్పట్నుంచే కదా దాని నోరు కొంచెం తగ్గిండాది."

ఎస్తేరు కుచ్చిళ్లు చేత్తో పట్టుకునే వెళ్లింది. గట్టు మీద అశ్వగంధ డబ్బా. ఒత్తిడి పోతుందని, శక్తి వస్తుందని పెద్ద అక్షరాలు. థైరాయిడ్ మందులు వాడేవారు డాక్టరును అడగకుండా తీసుకోకూడదని వెనక చిన్న అక్షరాలు.

"అశ్వగంధే కదా! ఆఫీసులో అందరం వేసుకుంటున్నాం. నీ మంచికే" అన్నాడు రాజేశ్.

"నాకు చెప్పి ఇవ్వచ్చుగా?"

"చెప్తే తాగుతావా? నర్సువి, వంద ప్రశ్నలేస్తావు."

ఎస్తేరు ఆ డబ్బా తీసి తన సంచిలో వేసుకుంది. ఈ మధ్య తను గొంతెత్తనిది మనసు కుదుటపడి కాదు. తన గుండెకు తనే భయపడి. ఆ భయాన్ని వీళ్లిద్దరూ నెమ్మది అనుకున్నారు, పొడి బాగా పనిచేస్తోందని సంతోషించారు. అడిగింది సాయం. ఇచ్చింది మందు.

సోమవారం డాక్టరు దగ్గరికి రాజేశ్ కూడా వచ్చాడు. "తెలియక నేనే వేసుకున్నానని చెప్పు. ఇంటి విషయం బయటెందుకు?" అని దారంతా అదే మాట.

డాక్టర్ చైత్ర డబ్బా తిప్పి చూసి, "దీనివల్లే పెరిగి ఉండొచ్చు. వెంటనే ఆపేయండి. ఎవరిచ్చారు, మీరే మొదలుపెట్టారా?" అని అడిగింది.

బల్ల కింద రాజేశ్ ఎస్తేరు మణికట్టు పట్టి నొక్కాడు. ఆమె చెయ్యి లాక్కుంది.

"నాకు తెలియకుండా మా ఆయన నెల రోజులు జావలో కలిపారు డాక్టర్. అలాగే రాయండి."

డాక్టర్ రాసి కాగితం ఇచ్చింది. ఎస్తేరు మొదటినుంచి చివరిదాకా చదివి, తిరిగి బల్ల మీద పెట్టింది.

"‘నాకు తెలియకుండా’ అన్న మాట వదిలేశారు డాక్టర్."